కథలో బాలనాగమ్మ, తెరమీద బాలనాగమ్మ

వేసవి సెలవులకు వచ్చిన మనుమరాలితో కలిసి ఒక పల్లెటూరి పెద్దావిడ ఈమధ్య పాత ‘బాలనాగమ్మ’ సినిమాను టీవీలో మళ్లీ చూశారు. వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో 1959లో వచ్చిన చిత్రమది. కార్యవర్ధి రాజుగా ఎన్.టి.రామారావు, బాలనాగమ్మగా అంజలీదేవి, మాయల మరాఠీగా ఎస్.వి.రంగారావు నటించారు. పెద్దావిడ మొదటిసారి దానిని చిన్నతనంలో, ఊరికి వచ్చిన టూరింగు టాకీసులో నేల టిక్కెట్టుకు చూశారు. అప్పుడు నచ్చిన సినిమా ఇప్పుడు నచ్చీనచ్చనట్లుగా ఉందని ఆమె అంటున్నారు. అందుకు ఆమె చెప్పే కారణాలు ఆలోచించదగినవి.

ఆమెకు సినిమాకన్నా ముందు కథ తెలుసు. తిరునాళ్లలో జంగం కథగా, బుర్రకథగా రాత్రులకు రాత్రులు విన్న కథ. తంబురా మీటుతూ ఒకరు కథ నడుపుతూ ఉంటే, ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయిస్తూ ‘తందాన తాన’ అందుకుంటారు. సురభివారు కూడా ఈ కథను నాటకంగా ఊరూరా ఆడారు. మన జిల్లాల్లో పెద్దవయసు వారిలో బాలనాగమ్మ పేరు వినని వారు అరుదనే చెప్పాలి.

కథ పిల్లల కథే గాని, దానిలో ఉన్న చీకటి సామాన్యమైనది కాదు. జటంగి ముని వరం వల్ల నవభోజ రాజుకు, భూలక్ష్మికి ఆడపిల్లలు పుడతారు. తల్లి చనిపోతుంది. రెండో భార్య మాట విని తండ్రే పిల్లలను అడవిలో వదిలి వస్తాడు. వారిలో చిన్నది బాలనాగమ్మ. పెరిగి పెద్దదై కార్యవర్ధి రాజును పెళ్లాడి, కొడుకును కన్న తరువాత, భిక్షకు వచ్చిన మాయల మరాఠీ ఆమెను కుక్కగా మార్చి తన గుహకు తీసుకుపోతాడు. విడిపించడానికి సేనతో వచ్చిన భర్త రాయి అయిపోతాడు. నోము పట్టానని చెప్పి ఆమె మాంత్రికుణ్ణి పద్నాలుగేళ్లు దూరంగా నిలబెడుతుంది. చివరకు కొడుకు బాలవర్ధి రాజు పూలదండలు కట్టే తంబళి పెద్ది మనుమడినంటూ లోపలికి వెళ్లి తల్లిని కలుస్తాడు. మరాఠీ ప్రాణం చిలుకలో ఉందని తెలుసుకుని, ఆ చిలుకను తెచ్చి వాణ్ణి చంపుతాడు.

ఇందులో పెద్దావిడ మొదటి ఫిర్యాదు ఆ పద్నాలుగేళ్ల గురించే. కథ చెప్పేవారు అక్కడికి వచ్చేసరికి ఆగేవారట. దీపం వత్తి ఎగదోసి, ఒక్కొక్క ఏడూ లెక్కపెడుతూ ఆమె ఒంటరితనాన్ని పాడేవారట. వినే ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారట. సినిమాలో అయితే రెప్పపాటులో కొడుకు పెద్దవాడైపోతాడు. ‘వాడు ఎదగడం చూపించారు గాని, ఆమె ఎదురుచూడడం చూపించలేదు’ అని పెద్దావిడ అంటున్నారు. రెండున్నర మూడు గంటల్లో ముగించవలసిన సినిమాకు ఇది తప్పని చిక్కు. అయినా ఆమె మాటలో న్యాయం లేకపోలేదు. బలం లేని మనిషి ఒక్క నోము అనే మాటతో బలవంతుణ్ణి అన్నేళ్లు ఆపడమే ఈ కథకు గుండెకాయ. మిగిలిన మాయలు, మంత్రాలు ఏ కథలోనైనా దొరుకుతాయి.

కార్యవర్ధి రాజు వేషం రామారావుకు ఇవ్వడమూ ఆమెకు కొంత వింతగానే ఉంది. కథలో ఆ రాజు సగం దూరం రాయిగానే పడి ఉంటాడు. అంత పేరున్న కథానాయకుణ్ణి రాయిని చేస్తే టిక్కెట్టు కొన్నవారు ఊరుకుంటారా? భర్త కాపాడలేని చోట పసివాడు కాపాడాడన్నది కథలోని ముచ్చట. తెరమీద పెద్ద నటుడు నిలబడేసరికి చూసేవారి కళ్లు అటే పోతాయి.

రంగారావు విషయంలో మాత్రం ఆమెకు రెండు మనసులు. ఆయన గొంతుకు, చూపుకు వంక పెట్టలేమని ఒప్పుకుంటూనే, భయం పోయి ముచ్చట మిగిలిందని అంటున్నారు. సినిమా వచ్చి వెళ్లాక ఊళ్లో పిల్లలందరూ గడ్డం అంటించుకుని మరాఠీ వేషమే కట్టారట. బాలవర్ధి వేషానికి ఒక్కడూ ముందుకు రాలేదట! అంతకుముందు 1942లో జెమిని వారు సి.పుల్లయ్య దర్శకత్వంలో తీసిన ‘బాలనాగమ్మ’లో కాంచనమాల నాయిక, గోవిందరాజుల సుబ్బారావు మాంత్రికుడు. ఆ చిత్రం చూసిన పాతతరం వారు కూడా ముందుగా తలచుకునేది సుబ్బారావునే. మంచి నటుడు చెడ్డవేషం వేస్తే ఈ చిక్కు ఎప్పుడూ ఉన్నదే.

ఇక మాంత్రికుడి పేరు సంగతి. మాయల మరాఠీ, మాయల ఫకీరు అని రెండు విధాలా పిలవడం మనకు అలవాటైపోయింది. ఒక ప్రాంతం వారి పేరు, ఒక మతంలోని సాధువుల పేరు దుర్మార్గుడికి తగిలించడం ఏనాటి భయాలనుంచి వచ్చిందో గాని, కథ చెప్పేవారూ, సినిమా తీసినవారూ దానిని సరిదిద్దే పని పెట్టుకోలేదు. బుర్రకథకు దేశమంతటా పేరు తెచ్చి 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లు వాసి. ఆయన పుట్టిన గడ్డమీద ఫకీరు అంటే పిల్లలు దడుసుకునే పరిస్థితి ఉండడం బాగులేదు. పెద్దావిడ మనుమరాలికి కథ చెప్పేటప్పుడు ‘మాయలోడు’ అని మాత్రమే అంటున్నారు. కథకు ఏ లోటూ రాలేదు.

ఇంత చెప్పినా ఆమె సినిమాను తీసిపారేయడం లేదు. రాత్రి తిరునాళ్లలో కథ వినడానికి ఆ రోజుల్లో అందరి ఇళ్ల ఆడవాళ్లకూ అనుమతి ఉండేది కాదు. టూరింగు టాకీసులో ఆడవాళ్లకు వేరే చోటుండేది కనుక, సొంత ఊళ్లో చెప్పిన కథను ఊరి ఆడవాళ్లు కొందరు మొదటిసారి తెరమీదనే పూర్తిగా తెలుసుకున్నారు. ఆమె తల్లి అలాంటివారిలో ఒకరు. అంజలీదేవి కన్నీళ్లు చూసి ఆమె మూడు రోజులు అన్నం సరిగా తినలేదట.

ఇంతకీ తొమ్మిదేళ్ల పిల్లకు ఈ సినిమా చూపించవచ్చునా అని ఇంట్లో పెద్ద తగవే జరిగింది. పక్కింటి మేష్టారు అసలే కూడదన్నారు. పసిమనసులు బెదురుతాయి, కుక్కలుగా మార్చడాలు, మెడలు విరవడాలు ఎందుకు, నీతి ఉన్న చిన్న కథలు చాలవా అని ఆయన వాదన. పిల్ల తల్లి కూడా ఆయన పక్షమే. మేష్టారి మాట తీసివేయదగినది కాదు గాని, పిల్ల దేనికి బెదిరిందో ఎవరూ అడగలేదు. అది మాంత్రికుడిని చూసి బెదరలేదు. చిలుక కాలు విరిస్తే వాడి కాలు విరగడం విని కిలకిలా నవ్వింది. ‘అమ్మమ్మా, అమ్మ కుక్కయిపోతే ఉయ్యాల్లో బాబుకి పాలెవరిస్తారు?’ అని మాత్రం పడుకునే ముందు నాలుగుసార్లు అడిగింది. ఈ ప్రశ్న ఏ నీతి కథా వేయించదు. తల్లి పొద్దున్నే పనికి పోయి చీకటిపడి వచ్చే ఇళ్లలో పిల్లలకు ఆ భయం ముందునుంచే ఉంటుంది. కథ దానికి ఒక పేరు పెట్టి, చివరకు తల్లిని ఇంటికి తెచ్చి అప్పగిస్తుంది. చీకటి తీసేసి చెబితే ఆ అప్పగింతకు అర్థమేముంది? కాకపోతే పిల్లను ఒంటరిగా టీవీ ముందు కూర్చోబెట్టి పనికి పోవడం మాత్రం తగదు. పక్కన పెద్దవాళ్లుండాలి.

పెద్దావిడ మరునాటినుంచి కరెంటు పోయినప్పుడల్లా అరుగుమీద కూర్చుని కథను మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టారు. పద్నాలుగేళ్లకు నాలుగు రాత్రులు పట్టిందట. వీధిలో మరో ఆరుగురు పిల్లలు చేరారు. వద్దన్న మేష్టారు కూడా తన అరుగుమీద కుర్చీ వేసుకుని వింటున్నారు. బాలవర్ధి తంబళి పెద్ది ఇంట్లో దండ కట్టడం నేర్చుకునే చోట నిన్న కథ ఆగింది. మిగిలినది ఈ రాత్రికి.