ముందు బ్రేకులు, తర్వాతే వేగం

కొడుకు పాత కారు కొన్నాడన్న కారణంగా ఒక ఇంట్లో వారం రోజులపాటు ఎవరూ ఎవరితో సరిగా మాట్లాడుకోకపోవడం నేను కళ్లారా చూశాను. ఇది 2006 వేసవి నాటి సంగతి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉంటున్న మా అక్కగారింట్లో నాలుగు నెలలు గడపడానికి వెళ్లాను. ఇంటి ముందు కారు దిగేసరికి, రంగు వెలిసిన ఎర్రటి రెండు తలుపుల కారు ఒకటి గ్యారేజి ముందు నిలబడి ఉంది. దాని ముందు దీపాలు అవసరమైనప్పుడు పైకి లేచి, అవసరం తీరాక మూసుకునే రకం. ఒకటి లేచి ఉంది, రెండోది మూసుకొని ఉంది. నన్ను చూసి కన్ను కొట్టినట్టుంది!

“ఎలా ఉంది మామయ్యా?” అన్నాడు పద్దెనిమిదేళ్ల మా మేనల్లుడు.

“చెప్పవయ్యా, ఎలా ఉందో! 1,800 డాలర్లు పోసి తుక్కు కొనుక్కొచ్చాడు” అన్నారు బావగారు వెనుక నుండి. ఆ మాటలో నవ్వు లేదు.

అది 1991 నాటి నిస్సాన్ 240ఎస్‌ఎక్స్. జపానులో 1988లో సిల్వియా అనే పేరుతో వచ్చిన కారును, ఆ కంపెనీ 1989 నుండి అమెరికాలో ఈ పేరుతో అమ్మింది. ఇంజను 2.4 లీటర్లు కాబట్టి 240 అన్నారు. అమెరికావాళ్లు ఇలాంటి జపాను కార్లను ‘ఇంపోర్ట్’ అంటారు. ఇంజను ముందు, నడిచేది వెనుక చక్రాలు, బరువు సుమారు 1,200 కిలోలు. మొదట 140 హార్స్‌పవర్, 1991 నుండి 155. అంత గొప్ప శక్తేమీ కాదు. కాని తేలికైన ఒళ్లు, చక్కటి అమరిక ఉండడంవల్ల కుర్రవాళ్లకు ప్రాణం. 2001లో కార్ల పందేల సినిమా ‘ద ఫాస్ట్ అండ్ ద ఫ్యూరియస్’ వచ్చింది. 2004లో కారును పక్కకు జారుస్తూ నడిపే ‘డ్రిఫ్టింగ్’ పోటీలు అమెరికాలో ‘ఫార్ములా డ్రిఫ్ట్’ పేరున మొదలయ్యాయి. ఇక పాత 240ఎస్‌ఎక్స్ కనబడితే చాలు, వేసవి సెలవుల్లో కూడబెట్టిన డబ్బుతో కొనేసేవారు.

మా వాడి దగ్గర ఒక కాగితం ఉంది. దాని మీద వరుసగా రాసుకున్నాడు: జపాను నుండి వచ్చే 2 లీటర్ల టర్బో ఇంజను, కారును కిందికి దించే స్ప్రింగులు, వెడల్పు చక్రాలు, పెద్ద మోత చేసే సైలెన్సరు. జపానులో ఈ కారుకే 1991 నుండి 205 హార్స్‌పవర్ టర్బో ఇంజను వేశారు. అది దీనిలో ఇంచుమించు సరిగ్గా కూర్చుంటుంది. వాడి కల అదే.

ఆ కాగితంలో బ్రేకుల మాట ఎక్కడా లేదు.

మర్నాడు పక్కింటి పెద్దాయన వచ్చాడు. కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఆయన వచ్చే సమయానికి మా వాడు కారును ఒక్క జాకీ మీద ఎత్తి, దాని కింద పడుకొని ఉన్నాడు. ఆ పెద్దాయన ఒక్క మాటైనా మాట్లాడకుండా వాడి కాళ్లు పట్టుకొని బయటికి లాగాడు. తర్వాత చెప్పాడు: “జాకీ ఉన్నది ఎత్తడానికి. మోయడానికి కాదు.” తన ఇంటి నుండి నాలుగు ఇనుప స్టాండ్లు తెచ్చి, గట్టి నేల మీద కారును వాటిపై నిలబెట్టి, నాలుగు వైపులా తోసి చూసి, కదలడంలేదని తేలాకనే లోపలికి పోనిచ్చాడు.

అప్పుడు ఒక స్క్రూడ్రైవరు తీసుకొని కారు అడుగున పొడుస్తూ వెళ్లాడు. టక్, టక్ మని శబ్దం. ఒకచోట శబ్దం రాలేదు. స్క్రూడ్రైవరు పిడిదాకా లోపలికి దిగిపోయింది.

చలికాలంలో ఒహాయో రోడ్లమీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు కారు అడుగున చేరి, పదిహేనేళ్లలో ఇనుమును చెదపురుగులా తినేసింది. ఇలాంటి కార్లకు లారీలకున్నట్టు విడిగా చట్రం ఉండదు. రేకులతో చేసిన ఒళ్లే చట్రం. అడుగున పొడవునా వెళ్లే బోలు దూలాలు, ముందు షాక్ అబ్జార్బర్లు బిగించే చోటు, తలుపుల కింది అంచులు తుప్పు పడితే, పైన ఎంత మెరిసే రంగు వేసినా లాభం లేదు. గుద్దుకున్నప్పుడు ఆ కారు మనిషిని కాపాడదు.

మా వాడి ముఖం పాలిపోయింది. బావగారు, “నేను చెప్పలేదా?” అని లోపలికి వెళ్లిపోయారు.

అమ్మేద్దామనుకున్నాడు. అంత తక్కువ ధర కారుకు గిరాకీ తేలిగ్గానే దొరికింది. జులైలో ఒక శనివారం పదిహేడేళ్ల కుర్రవాడు, తల్లితో కలిసి వచ్చాడు. ఇంజను చప్పుడు విన్నాడు, స్టీరింగు పట్టుకున్నాడు, మనసు పారేసుకున్నాడు. 2,200 ఇస్తానన్నాడు. నాలుగు వందల డాలర్ల లాభం! కారు కింద చూడాలన్న ఆలోచన ఆ పిల్లవాడికి లేదు, వాళ్లమ్మకు తెలియదు. నేను మెట్ల మీద కూర్చొని చూస్తున్నాను. మా వాడు రెండు మూడుసార్లు నోరు తెరిచి మూశాడు. చివరికి, “కింద పడుకొని ఒకసారి చూడు. నేను కొన్నప్పుడు నాకెవరూ చూపించలేదు” అని టార్చిలైటు వాడి చేతికిచ్చాడు.

తల్లీకొడుకులు కారు కొనకుండానే వెళ్లిపోయారు. వెళ్లేముందు ఆ తల్లి మా వాడి చెయ్యి పట్టుకొని ఏదో అంది. నాకు వినబడలేదు.

ఇదంతా వంటింటి కిటికీలోంచి బావగారు చూశారని నాకు తెలియదు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయనే మాట కదిపారు. “అతుకు వేయించడానికి ఎంతవుతుందట?” అన్నారు. ఆ ప్రశ్నకు మా అక్క చేతిలోని గరిటె ఆగిపోయింది.

ప్రియ పాఠకులారా, బావగారి కోపానికి అసలు కారణం నాకు ఆగస్టులో తెలిసింది. తుప్పుపట్టిన భాగాన్ని మంచి ఇనుము తగిలేదాకా కోసేసి, కొత్త రేకు వెల్డింగ్ చేయించారు. తుప్పు మీదే రేకు అతికిస్తే లోపల తినడం ఆగదు. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగ విప్పారు. పని పూర్తయ్యాక బోలు దూలాల లోపల తేమ చేరకుండా మైనంలాంటి మందు కొట్టించారు. తర్వాత బ్రేకుల వంతు వచ్చింది. పాత రబ్బరు గొట్టాలు పగుళ్లిచ్చాయి. లోపలి బ్రేక్ ఆయిల్ కాఫీ డికాషన్‌లా నల్లగా ఉంది. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ‘డాట్ 3’ రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ వరకైనా మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు దిగిపోతుంది. గట్టిగా బ్రేకు వేస్తూ పోతే వేడికి లోపల ఆవిరి పుడుతుంది, పెడలు మెత్తగా కిందికి పోతుంది, కారు ఆగదు.

కొత్త ఆయిల్ పోశాక లోపలి గాలి తీయాలి. మామూలుగా దానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు సీట్లో కూర్చొని పెడలు తొక్కాలి, ఇంకొకరు చక్రం దగ్గర నిపుల్ విప్పాలి. నేను తొక్కబోతుంటే బావగారు, “నువ్వు లేవయ్యా” అని తాను కూర్చున్నారు.

“తొక్కండి డాడీ... పట్టుకోండి... ఇక వదలండి.”

“నిపుల్ బిగించావా?”

“ఇంకా లేదు.”

“బిగించకుండా వదలమంటావేరా? గాలి మళ్లీ లోపలికి పోదూ!”

కింద నుండి కాసేపు మాట లేదు. “మీకెలా తెలుసు డాడీ?”

“పన్నెండేళ్లప్పటి నుండి తొక్కాను. మీ తాతయ్య లారీలకు.”

ఆ తాతయ్యకు విజయవాడ ఆటోనగర్‌లో ‘వ్యాపారం’ ఉండేదని మాత్రమే వాడికి తెలుసు. ఆయన లారీ మెకానిక్కు. చేతుల నిండా గ్రీజు. ఆ గ్రీజు కొడుకుకు అంటకూడదని రాత్రింబవళ్లు పనిచేసి చదివించాడు. కొడుకు అమెరికా వచ్చాడు, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడు. ఇప్పుడు మనవడు డబ్బిచ్చి మరీ ఆ గ్రీజును కొనితెచ్చుకున్నాడు! బావగారికి కోపం కారు మీద కాదు. తండ్రి పడిన కష్టం వృథా అయిందేమోనన్న బాధ అది.

ఆ మధ్యాహ్నం నాలుగు చక్రాలకూ గాలి తీసేసరికి మూడు గంటలు పట్టింది. నిజానికి గంటన్నర పని. మిగిలిన సమయమంతా తాతయ్య కబుర్లే.

ఆ మీదట పని ఒక వరుసలో సాగింది. పక్కింటి పెద్దాయన చెప్పిన వరుస అది. పాత కారు తీసుకున్నవారెవరికైనా పనికొస్తుంది కనుక రాస్తున్నాను.

మొదటిది, కారు ఒళ్లు. తుప్పు, పాత ప్రమాదాల గుర్తులు, కాగితాలు సరిచూడాలి. కొనకముందే చూస్తే ఇంకా మేలు.

రెండవది, ఆగడం. బ్రేకు గొట్టాలు, ప్యాడ్లు, ఆయిల్ చూడాలి. టైర్ల పక్కన ‘డాట్’ గుర్తు వరుసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2309 అని ఉంటే అది 2009వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గీతలు లోతుగా కనబడినంత మాత్రాన టైరు కొత్తది కాదు.

మూడవది, చల్లబడడం. రేడియేటరు, నీటి గొట్టాలు, థర్మోస్టాట్ పాతబడితే ఇంజను ఒక్క ప్రయాణంలోనే పాడైపోవచ్చు.

నాల్గవది, ఇంజను ఆరోగ్యం. నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ కొలిపించాలి. నాలుగూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి బాగా తగ్గితే లోపల జబ్బున్నట్టే.

ఐదవది, నిలకడ. అరిగిన రబ్బరు బుష్షులు, షాక్ అబ్జార్బర్లు మార్చాలి. కారు కిందికి దిగాలని స్ప్రింగులను కోయడం చాలా ప్రమాదం.

వీటన్నిటి తర్వాతే వేగం సంగతి.

ఖర్చంతా బావగారు ఒక నోటుపుస్తకంలో రాయించారు. రెండేళ్లలో కారు 1,800, వెల్డింగు 1,100, బ్రేకులు 350, టైర్లు 400, రేడియేటరు వగైరా 300, షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు 900. మొత్తం 4,850 డాలర్లు. ఆ డబ్బుతో అంతకంటె మంచి మామూలు కారే వచ్చేది. ‘చవక కారు’ అంటే కొనేటప్పుడు మాత్రమే చవక అని ఆ పుస్తకం చూస్తే తెలుస్తుంది.

మరి టర్బో ఇంజను? అది రాలేదు. ఇంజను ఒక్కటే కొంటే సరిపోదు. దానికి తగ్గ క్లచ్, రేడియేటరు, బ్రేకులు కావాలి. పొగను శుద్ధిచేసే పరికరాలను తీసేయడం అమెరికా క్లీన్ ఎయిర్ చట్టానికి విరుద్ధం. మార్పులు చెప్పకపోతే బీమా కంపెనీ రేపు చెయ్యి దులుపుకోవచ్చు. ఇవన్నీ లెక్కవేసుకొని, “ఉన్న 155 చాలు మామయ్యా, ముందు వీటిని వాడుకోవడం నేర్చుకుంటాను” అన్నాడు ఫోనులో. తర్వాత కొన్నేళ్లకు డబ్బు చేరాక, చాలామంది చేసినట్టే నిస్సాన్ 300జెడ్‌ఎక్స్ అనే పెద్ద కారు బ్రేకులు తెచ్చి బిగించాడు. శక్తి పెంచకుండా బ్రేకులు పెంచినవాణ్ణి చూసి స్నేహితులు నవ్వారట. నవ్వనివ్వండి!

ఇప్పుడు మా వాడి వయసు 40కి దగ్గరపడింది. డ్రిఫ్టింగులో ఎన్నో కార్లు విరిగిపోవడంతో మిగిలిన వాటి ధర బాగా పెరిగిందట. అయినా అమ్మలేదు. కారు లోపల అద్దం దగ్గర తాతయ్య ఫోటో ఉంది, ఆటోనగర్‌లో లారీ ముందు నిలబడి తీయించుకున్నది. బావగారే వెతికి ఇచ్చారు.

మన ఊళ్లలో పిల్లలకు స్పోర్ట్స్ కారు దొరకకపోవచ్చు. సెకండ్‌హ్యాండ్ బైకు కొని, సైలెన్సరు మార్చి, వీధి అదిరేలా తిరగడం మాత్రం చూస్తూనే ఉన్నాం. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి మన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఆ మాటే చెప్పింది. పిల్లలకు ఇది చెప్పవలసిందే. కాని “తుక్కు కొన్నావు” అని లోపలికి వెళ్లిపోతే వినేవాడెవడు?

తల్లిదండ్రులారా, మీ అబ్బాయి స్పానరు పట్టుకుంటే వెంటనే లాక్కోకండి. ఒకసారి పక్కన కూర్చోండి. ఆ బండి ఆగుతుందో లేదో ఇద్దరూ కలిసి చూడండి. గాలి తీయడం ఒక్క మనిషి వల్ల తేలిగ్గా అయ్యే పని కాదు.