అక్రిలిక్ వంచడానికి హీట్ గన్ కొనకండి
రాస్‌ప్‌బెర్రీ పై కేస్ కోసం 3 ఎం.ఎం. అక్రిలిక్ షీట్లు రెండు పాడుచేశాక చెబుతున్నా: కొత్తవాళ్లకి హీట్ గన్ సలహా ఇవ్వడం ఆపాలి. అక్రిలిక్ 105 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది, కానీ చక్కగా వంగాలంటే 150 దాకా వెళ్లాలి. గన్‌తో వేడి సమానంగా పడదు. అందుకే నా షీట్‌కి ఒకచోట బుడగలు, ఇంకోచోట పగులు!

మూడోదానికి నిక్రోమ్ తీగతో చేసిన స్ట్రిప్ హీటర్ వాడాను. వేడి వంచాల్సిన గీత మీదే పడుతుంది. ప్రొటెక్షన్ ఫిల్మ్ పీకేసి (మొదటిసారి మర్చిపోయాన్లెండి), రెండు వైపులా తిప్పుతూ వేడి చేశా. కాసేపటికి బరువుకి దానంతటదే వాలింది. చెక్కకి ఆనించి, చల్లారేదాకా కదపలేదు. ఒక మూల కొంచెం వంకర వచ్చింది. అయినా నా పై ఇప్పుడు ఆ కేస్‌లోనే నడుస్తోంది.