17 లిఫ్టులూ, ఒక పాటా

ఫాంటసీ నవలల్ని స్టేజి మీదికి తేకూడదని వాదించేవాళ్ళ దగ్గర ఒక ఉదాహరణ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మ్యూజికల్. 2006 మార్చిలో టొరంటోలో అధికారికంగా మొదలైంది, సెప్టెంబర్ మొదటివారంలో మూతపడింది. మూడున్నర గంటల ఆటని కత్తిరించి, సరిచేసి, 2007 జూన్‌లో లండన్‌లోని థియేటర్ రాయల్ డ్రూరీ లేన్‌లో మళ్ళీ ఎత్తుకున్నారు. అక్కడ 2008 జూలై దాకా లాగింది. దశాబ్దాల తరబడి ఆడే మ్యూజికల్స్ ఉన్న ఊళ్ళో ఇది అల్పాయుష్షే. "వెయ్యి పేజీల నవలని మూడు గంటల పాటల్లో కుక్కితే ఇంతే మరి" అని తీర్పు వచ్చేసింది. ఇన్నేళ్ళయినా ఆ తీర్పే చెలామణీలో ఉంది.

ఆ తీర్పు తప్పని నేనంటాను. ఆ నాటకం నేను చూడలేదు. లండన్ నటులతో 2008లో విడుదలైన పాటల రికార్డింగ్ మాత్రం విన్నాను, ఇప్పటికీ వింటుంటాను. కాబట్టి ఎవరెలా నటించారో మార్కులు వెయ్యను. నా గొడవంతా ఓటమికి చెప్పే కారణంతోనే. కారణం తప్పు చెప్పుకుంటే, తర్వాత ఇలాంటి ప్రయత్నం చెయ్యబోయేవాళ్ళకి కూడా తప్పుడు పాఠమే అందుతుంది.

ముందు పుస్తకాభిమానుల అభ్యంతరం చూద్దాం. టోల్కీన్ ఎక్కడ, మ్యూజికల్ ఎక్కడ, హాబిట్లు డాన్సులెయ్యడమేంటి అని. ఈ మాట అనేవాళ్ళు పుస్తకంలో పద్యాలొచ్చిన చోటల్లా పేజీ తిప్పేశారని నా అనుమానం. ఆ నవల నిండా పాటలే. నడుస్తూ పాడతారు, స్నానం చేస్తూ పాడతారు, చచ్చిపోయినవాళ్ళ కోసం పాడతారు. స్ప్రింగిల్-రింగ్ అనే డాన్సు పేరు కూడా బిల్బో పుట్టినరోజు విందులో టోల్కీన్ రాసిందే, మ్యూజికల్ వాళ్ళ కల్పన కాదు. బ్రీ ఊరి సత్రం సంగతి గుర్తు చేసుకోండి. నలుగురి దృష్టీ మళ్ళించడానికి ఫ్రోడో బల్ల మీదికెక్కి పాట అందుకుంటాడు. జనం మళ్ళీ పాడమంటారు. పాడుతూ గెంతుతాడు, కింద పడతాడు, ఉంగరం వేలికి ఎక్కేసి మాయమైపోతాడు. అక్కణ్ణించీ ప్రమాదం మొదలు. అంటే పాటే కథని తిప్పింది. మ్యూజికల్ రాసేవాడికి ఇంతకంటే తేరగా దొరికే సన్నివేశం ఉంటుందా? మాటలూ పాటలూ రాసిన షాన్ మెకెన్నా, మాథ్యూ వార్కస్ దాన్ని వదులుకోలేదు. 'ద క్యాట్ అండ్ ద మూన్' పాట అక్కడిదే.

రెండో అభ్యంతరం కొంచెం బరువైనది. దాన్ని లేవనెత్తింది టోల్కీనే. 1939లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో ఫెయిరీ కథల మీద ఆయన ఇచ్చిన ఉపన్యాసం తర్వాత వ్యాసంగా వచ్చింది. నాటకానికీ ఫాంటసీకీ సహజంగానే పడదని అందులో వాదించాడు. ఒక మనిషి వచ్చి ఇంకో మనిషినని నటించడమే ఒక మాయ, దాన్ని నమ్మడానికే ప్రేక్షకుడు సగం ఓపిక ఖర్చుపెడతాడు, దాని మీద ఇంకో మాయ పేరిస్తే తట్టుకోలేడు అని ఆయన లెక్క. మాక్‌బెత్‌లో మంత్రగత్తెలు చదివేటప్పుడు పర్వాలేదు గానీ స్టేజి మీద భరించడం కష్టమన్నాడు.

పెద్దాయన మాట కాబట్టి తల ఊపేస్తాం. కానీ ఆయన మనసులో ఉన్నది ఒక రకం నాటకం: నిజమని నమ్మించడానికి తంటాలు పడే నాటకం. ప్రేక్షకుడితో ముందే ఒప్పందం చేసుకునే నాటకం ఇంకోటి ఉంది. మన సురభి వాళ్ళ మాయాబజార్ చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు ఎగిరొస్తాయి. ఎక్కడో తీగ ఉందని ముందు వరసలో కూర్చున్న పిల్లాడికీ తెలుసు. తెలిసే ఈల వేస్తాడు. అక్కడా యంత్రం ఉంది. కాకపోతే తీగ దాచామని గొప్పలు పోదు, లడ్డు ఎగిరితే చాలు.

టొరంటో, లండన్ నిర్మాతలు ఎంచుకున్న దారి వేరు. 40 టన్నుల బరువు, కంప్యూటర్‌తో నడిచే తిరుగుడు స్టేజి, అందులో విడివిడిగా లేచి దిగే 17 లిఫ్టులు. టొరంటోలో ఖర్చు 2.8 కోట్ల కెనడా డాలర్ల దాకా అయిందన్నారు. లండన్‌లో 1.25 కోట్ల పౌండ్లు, వెస్ట్ ఎండ్‌లో అప్పటిదాకా అంత ఖరీదైన మ్యూజికల్ లేదని చెప్పుకున్నారు. ఆట గురించి ఎక్కడ చదివినా పాటలకంటే ముందు ఈ అంకెలే కనపడతాయి. లండన్‌లో ప్రివ్యూలు జరుగుతున్న రోజుల్లోనే ఒక నటుడి కాలు స్టేజి యంత్రాల్లో ఇరుక్కుని ఆట ఆపెయ్యాల్సొచ్చింది. దీన్ని ఉపమానంగా వాడుకోవడం నాకిష్టం లేదు. ఒక మనిషికి దెబ్బ తగిలింది. ఎవరి కోసం ఏది పనిచేస్తోందో అప్పుడైనా ఎవరైనా అడగాల్సింది, అంతే.

చిన్న లెక్క వేద్దాం. లండన్‌లో మొత్తం 492 ప్రదర్శనలు. పెట్టుబడిని వాటి మీద పంచితే ఒక్కో ఆటకి సుమారు 25 వేల పౌండ్లు. ఆ హాల్లో సీట్లు రెండు వేల పైచిలుకు. రోజూ ప్రతి సీటూ నిండినా, ఒక్కో టికెట్లో దాదాపు 12 పౌండ్లు కట్టేసిన సెట్టు బాకీ కిందే పోవాలి. నటులు, వాద్యకారులు, స్టేజి వెనక మనుషులు, హాలు అద్దె, ప్రకటనలు, ఇవన్నీ ఆ పైన. ఇక ప్రతి సీటూ ప్రతిరోజూ నిండడం ఎవరికి సాధ్యం? 492 సార్లు జనం టికెట్ కొనుక్కుని వచ్చి కూర్చుంటే మామూలు నాటకానికి అది పండగ. ఇక్కడ దాన్నే ఫ్లాప్ అన్నారు. ఆయుష్షు తగ్గించింది ఈ బాకీ. శిక్ష మాత్రం ఫాంటసీకి పడింది.

ఆటలో లోపాల్లేవా అంటే, ఉన్నాయి. రోహన్‌నీ గోందోర్‌నీ కలిపేసి మనుషుల రాజ్యం అని ఒకే ముద్ద చేశారు. థియోడెన్, డెనెథార్ లాంటి ఇద్దరు వేర్వేరు ముసలివాళ్ళని ఒక్క పాత్రలో కుదించారు. ఒకడు నిరాశలోంచి లేచి నిలబడతాడు, ఇంకొకడు నిరాశలో కాలిపోతాడు. నవలకి ఆ తేడానే ప్రాణం. అది పోయింది. రచనగా ఇది నిజమైన తప్పు, దీని మీద ఎంతసేపైనా పోట్లాడొచ్చు. కానీ గమనించండి, ఈ తప్పుకి కారణం స్టేజి చిన్నదవడం కాదు. ప్రతి యుద్ధాన్నీ, ప్రతి భూతాన్నీ చూపించి తీరాలన్న పంతం. పీటర్ జాక్సన్ సినిమాలు 2001 నుంచి 2003 దాకా వరసగా వచ్చి వెళ్ళాయి. స్ప్రింగు కాళ్ళ ఓర్కులు, పెద్ద సాలీడు బొమ్మ చూస్తుంటే, స్టేజి ఆ సినిమాలతో పందెం కాసినట్టుంటుంది. కంటికి చూపించే పోటీలో సినిమాని స్టేజి గెలవదు. గెలవక్కర్లేదు కూడా.

ఇదే ఆటలో గెలిచిన క్షణాలు ఎలాంటివో చూడండి. ఆట మొదలవకముందే హాబిట్లు ప్రేక్షకుల మధ్య తిరుగుతూ మిణుగురులు పట్టుకుంటుంటారట. దానికి లిఫ్టు అక్కర్లేదు, కొందరు నటులూ ఒక వలా చాలు. సామ్, ఫ్రోడో ఇద్దరూ కూర్చుని పాడుకునే 'నౌ అండ్ ఫరాల్వేస్' వినండి. నవలలో కిరిత్ ఉంగోల్ మెట్ల మీద, మన గురించి కూడా ఎవరైనా ఎప్పుడైనా కథ చెప్పుకుంటారా అని సామ్ ఆశ్చర్యపోయే చోటుంది. ఆ పాట పుట్టింది ఆ ఆశ్చర్యంలోంచే. ఆకలితో, దారి సగంలో, తిరిగి ఇంటికెళ్తామన్న నమ్మకం లేని ఇద్దరు స్నేహితులు. వెయ్యి పేజీల బరువు ఆ కాసేపట్లోకి వచ్చేసింది. స్టేజికి చేతనైన పని ఇది. దీనికైన ఖర్చు రెండు గొంతులు.

ఈ మాట ఊరికే అనడం లేదు. రుజువుంది. 2023 వేసవిలో ఇంగ్లండ్‌లో న్యూబరీ దగ్గర వాటర్‌మిల్ అనే చిన్న థియేటర్ ఈ మ్యూజికల్‌నే మళ్ళీ వేసింది. పాత నీటి మిల్లుని మార్చి కట్టిన హాలు, సీట్లు సుమారు రెండు వందలు. దర్శకుడు పాల్ హార్ట్. బిల్బో పుట్టినరోజు విందు బయట తోటలోనే జరిపారు, నటులే వాద్యాలు వాయించారు. కొద్ది మార్పులతో అదే కథ, అవే పాటలు. 2008లో చచ్చిపోయిందనుకున్న నాటకం అక్కణ్ణించి లేచి షికాగో, ఆక్లండ్, సిడ్నీ దాకా వెళ్ళింది. నవల స్టేజికి పట్టదన్నది నిజమైతే రెండు వేల సీట్ల హాల్లో పట్టనిది రెండు వందల సీట్ల హాల్లో ఎలా పట్టిందో వాళ్ళే చెప్పాలి.

ఇంక మన సంగతి. ఈ మ్యూజికల్ పేరెత్తితే మనవాళ్ళు అనే మొదటి మాట, "రెహమాన్ చేశాడు కదా". అవును, చేశాడు. 2002లో లండన్‌లో బాంబే డ్రీమ్స్ తర్వాత అక్కడి స్టేజికి ఆయన చేసిన రెండో పెద్ద పని. కానీ ఒక్కడే చెయ్యలేదు. ఫిన్లండ్ జానపద బృందం వార్టినా, ఆర్కెస్ట్రా పని అంతా ఒక దారిలో పెట్టిన క్రిస్టఫర్ నైటింగేల్, వీళ్ళిద్దరి పేర్లూ ఆయన పక్కనే సమానంగా ఉన్నాయి. మనం చెప్పుకునేటప్పుడు ఆ రెండు పేర్లూ రాలిపోతాయి. ఇది అభిమానంలా కనిపించే అన్యాయం. టోల్కీన్‌కి ఫిన్నిష్ భాషంటే పిచ్చి. కాలేవాలా చదివి మురిసిపోయాడు, తన ఎల్ఫుల భాష క్వెన్యాకి ఆ ధ్వనుల్లోంచి చాలా తీసుకున్నాడు. అలాంటి రచయిత లోకానికి కరేలియా జానపదం పాడే ఆడవాళ్ళ గొంతులు వెతికి తేవడం ఉందే, అది అలంకారం కాదు, పుస్తకాన్ని శ్రద్ధగా చదవడం. ఈ నిర్మాణంలో టోల్కీన్‌ని అందరికంటే బాగా చదివింది సంగీతమే అని నాకనిపిస్తుంది. 17 లిఫ్టులకి దొరికిన ప్రచారంలో పదోవంతు కూడా దానికి దొరకలేదు.

ఆట ఆగిన ఏడు నెలలకి, 2009 ఫిబ్రవరిలో, రెహమాన్‌కి ఆస్కార్లొచ్చాయి. మనకి ఆ జులై గుర్తులేదు, ఫిబ్రవరి గుర్తుంది. రోజా నుంచి ప్రతి బిట్టూ తేదీలతో సహా చెప్పగలిగే అభిమానులు ఈ ఆల్బమ్ దగ్గరికొచ్చేసరికి "అది ఆడలేదుగా" అంటారు. ఆడలేదని వినకపోవడమేంటి? వంద రోజుల పోస్టర్ వేశాక గానీ పాట బాగుందో లేదో తేల్చుకోలేమా? సినిమా కలెక్షన్ల లెక్కని మనం పుస్తకాలకీ, నాటకాలకీ, ఆఖరికి విదేశీ నాటకాలకీ కూడా పట్టించేశాం. సాహిత్యం చదివేవాళ్ళం, కనీసం మనమైనా ఆ కొలబద్ద పక్కన పెట్టాలి.

పట్టించుకోవాల్సిన కారణం ఇంకోటుంది. ఫాంటసీ నవలని నాటకంగా వేద్దామని ఎక్కడో ఏ కుర్రాడో, ఏ అమ్మాయో అనుకోగానే ఎవరో ఒకరు ఈ ఉదాహరణ తీసి చూపిస్తారు: అంత డబ్బున్నవాళ్ళకే కాలేదు, మీవల్ల ఏమవుతుంది అని. జవాబు సూటిగా చెప్పండి. డబ్బుండటమే అక్కడ వచ్చిన చిక్కు. మీ దగ్గర అది లేదు కాబట్టి ఏ సన్నివేశం నిజంగా కావాలో మీరు మొదటిరోజే తేల్చుకోవాల్సొస్తుంది. యుద్ధాల్ని చెప్పించండి, చూపించకండి. రాక్షసుణ్ణి తెర వెనక గొంతుగా వదిలెయ్యండి. ఇద్దరు స్నేహితుల్ని మాత్రం మెట్ల మీద కూర్చోబెట్టి, వాళ్ళ పాట పూర్తిగా పాడనివ్వండి.