పన్ను లేని బాంబుకు లెక్క ఎవరు చెప్పాలి?

అమెరికాలో మామూలు పౌరుడు చట్టబద్ధంగా గ్రెనేడ్ సొంతం చేసుకోవచ్చు. ఈ మాట మన ఊళ్లో చెబితే ఒక పట్టాన ఎవరూ నమ్మరు. ఇంట్లో నాటుబాంబు దొరికితే 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద కేసు పడుతుందన్నదే మనకు తెలిసిన సంగతి. అక్కడ మాత్రం, ఉంటున్న రాష్ట్రం నిషేధించకపోతే, దరఖాస్తు పెట్టుకునే దారి ఉంది.

దారి ఉందంటే సులువని కాదు. వేలిముద్రలు ఇవ్వాలి, ఫొటో అంటించాలి. దరఖాస్తు ప్రతిని స్థానిక పోలీసు అధికారికి పంపాలి. నేరచరిత్ర ఏమైనా ఉందేమో కేంద్రం తవ్వి చూస్తుంది. 200 డాలర్ల పన్ను కట్టాలి. తుపాకులు, పేలుడు పదార్థాల వ్యవహారం చూసే కేంద్ర సంస్థ ఏటీఎఫ్ ముద్ర వేసి పంపాకే సరుకు చేతికొస్తుంది. లాంచర్‌కు ఒక దరఖాస్తు, దానిలోంచి పేల్చే ఒక్కో గ్రెనేడుకు మళ్లీ ఒక్కో దరఖాస్తు. పది గ్రెనేడ్లు కావాలంటే పన్నే రెండు వేల డాలర్లు. వాటిని పక్క రాష్ట్రానికి తీసుకెళ్లాలన్నా ముందే అనుమతి కాగితం ఉండాలి. నమోదు కానిది ఒక్కటి దొరికినా పదేళ్ల దాకా జైలు.

ఇలాంటి ఆయుధాల్ని చట్టం ‘డిస్ట్రక్టివ్ డివైసులు’ అంటుంది. బాంబులు, గ్రెనేడ్లు, మందుపాతరలు, నాలుగు ఔన్సులకు మించి చోదక మందున్న రాకెట్లు ఇందులోకి వస్తాయి. గొట్టం లోపలి వ్యాసం అర అంగుళం దాటిన తుపాకులూ వస్తాయి, వేటకు వాడే షాట్‌గన్లను మినహాయిస్తే. షికాగో ముఠాల కాలంలో, 1934లో చేసిన మొదటి చట్టంలో ఇవి లేవు. మెషీన్ గన్లు, సైలెన్సర్లు, గొట్టం కోసేసిన తుపాకుల మీదే అప్పుడు పన్ను వేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో మిగిలిపోయిన సరుకు మార్కెట్లోకి వచ్చాక సంగతి మారింది. ట్యాంకుల్ని కొట్టడానికి ఫిన్లాండ్ తయారుచేసిన 20 మిల్లీమీటర్ల లాహ్తి తుపాకుల్ని 1960లలో జనం పోస్టులో తెప్పించుకునేవారు. 1965లో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో దొంగలు అలాంటి తుపాకీతోనే బ్రింక్స్ కంపెనీ ఖజానా గోడను బద్దలుకొట్టారు. మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనెడీ హత్యలు జరిగిన 1968లోనే, అక్టోబరులో, డిస్ట్రక్టివ్ డివైసులు కూడా రిజిస్టరులోకి ఎక్కాయి.

ఆ రిజిస్టరులో ఇప్పుడు 20 లక్షలకు పైగా డిస్ట్రక్టివ్ డివైసులున్నాయి. ఒక్కో గ్రెనేడునూ విడిగా లెక్కేస్తారు కాబట్టి ఆ అంకె అంత పెద్దది. అందులో పౌరులవెన్ని, పోలీసులవెన్ని, తయారీ కంపెనీలవెన్ని అని అడిగితే మాత్రం జవాబు దొరకదు. ఏటీఎఫ్ ప్రచురించే పట్టికలో రాష్ట్రాలవారీ మొత్తమే ఉంటుంది. ఇది పన్ను చట్టం కాబట్టి రిజిస్టరు వివరాలు ఆదాయపన్ను రిటర్నుల్లాగే రహస్యం.

నాకు పేచీ ఇక్కడే. పౌరుల చేతుల్లో గ్రెనేడ్లు ఉండాలని వాదించేవాణ్ని కాను. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. పాత ట్యాంకు కొని దాని ఫిరంగిని పనిచేసే స్థితిలో ఉంచుకోవాలని ముచ్చటపడే సేకర్త, దరఖాస్తు పెట్టి, వేలిముద్ర వేసి, నెలల తరబడి ఆగిన మనిషి. 1995లో ఓక్లహోమా సిటీలో 168 మందిని చంపిన బాంబు గానీ, 2013లో బోస్టన్ మారథాన్‌లో పేలిన ప్రెషర్ కుక్కర్లు గానీ ఏ రిజిస్టరులోనూ ఎక్కినవి కావు. పేరూ ఫొటో ఇచ్చి పన్ను కట్టినవాడి మీద ప్రభుత్వం కన్ను ఎప్పుడూ ఉంటుంది. అది ఉండాల్సిందే. అదే వస్తువు పోలీసు స్టేషన్ బీరువాలోకి వెళ్లాక దాని మీద ఎవరి కన్ను ఉంది?

రాష్ట్ర, స్థానిక పోలీసు శాఖలు కూడా ఈ ఆయుధాల్ని నమోదు చేయించాలి. పన్ను మాత్రం ఉండదు. గుంపుల మీద స్పాంజి గుళ్లు పేల్చే 40 మిల్లీమీటర్ల లాంచర్ ఈ కోవలోదే. తలుపు బద్దలుకొట్టి లోపలికి విసిరే ఫ్లాష్‌బ్యాంగ్‌ను కూడా ఏటీఎఫ్ డిస్ట్రక్టివ్ డివైసుగానే చూస్తుంది. ఆ రిజిస్టరు ఏటీఎఫ్‌కు కనిపిస్తుంది. ఆ ఊళ్లో పన్ను కట్టే మనిషికి కనిపించదు.

కనిపించకపోతే ఏమవుతుందో ఫిలడెల్ఫియా చూసింది. 1985 మే 13న ఆసేజ్ అవెన్యూలోని 6221 నంబరు ఇంట్లో ఉన్న మూవ్ అనే నల్లజాతి బృందాన్ని ఖాళీ చేయించడానికి పోలీసులు వెళ్లారు. బృందంలోని కొందరి మీద అరెస్టు వారెంట్లున్నాయి. వాళ్ల లౌడ్‌స్పీకర్ల గోలతో ఇరుగుపొరుగు విసిగిపోయి ఉన్నారు.  లోపల పిల్లలున్నారని పోలీసులకు తెలుసు. పొద్దున గంటన్నరలో పది వేలకు పైగా తూటాలు కాల్చారు. సాయంత్రం హెలికాప్టర్ నుంచి ఇంటి కప్పు మీద బాంబు పడేశారు. కప్పు అంటుకుంది. మంటల్ని వెంటనే ఆర్పకుండా కాలనిచ్చారు. గోడకు గోడ ఆనుకుని కట్టిన వరుస ఇళ్లు అవి. 61 ఇళ్లు బూడిదయ్యాయి, దాదాపు 250 మంది నిరాశ్రయులయ్యారు. ఆ ఇంట్లో 11 మంది చనిపోయారు, వాళ్లలో ఐదుగురు పిల్లలు.

ఆ తర్వాత నగరం వేసిన విచారణ కమిషన్ నివేదికలో ఒక అంశం నన్ను వదలదు. బాంబులో సీ-4 అనే సైనిక పేలుడు పదార్థం ఉంది. ఆ ఏడాది జనవరిలోనే ఒక ఎఫ్‌బీఐ ఏజెంటు ఫిలడెల్ఫియా బాంబు దళానికి దాదాపు 17 కిలోల సీ-4 ఇచ్చి వెళ్లాడు. ఇచ్చినట్టు రసీదు లేదు. ఎంత నిల్వ ఉంది, ఎంత వాడారు అన్న పద్దు ఏ పక్షమూ రాయలేదు. సేకర్త ఒక గ్రెనేడు దాచుకుంటే పదేళ్ల జైలన్న చట్టం అప్పటికి పదహారేళ్లుగా అమల్లో ఉన్న దేశమిది. మనుషులున్న ఇంటి మీద బాంబు వేయడం క్షమించరానిదని కమిషన్ తేల్చింది. ఒక్క అధికారి మీదా క్రిమినల్ కేసు పడలేదు. జైలుకెళ్లింది మంటల్లోంచి ప్రాణాలతో బయటపడిన రమోనా ఆఫ్రికా. అల్లర్ల నేరం కింద ఆమె ఏడేళ్లు శిక్ష అనుభవించింది. నగర కౌన్సిల్ క్షమాపణ తీర్మానం చేసింది 2020లో, 35 ఏళ్ల తర్వాత.

పాత కథ అని సరిపెట్టుకోవడానికి లేదు. 2014 మే నెలలో జార్జియాలోని హాబర్‌షమ్ కౌంటీలో, రెండేళ్లు కూడా నిండని పసివాడు తాత్కాలిక ఉయ్యాల మంచంలో నిద్రపోతున్నాడు. విస్కాన్సిన్‌లో సొంత ఇల్లు కాలిపోతే ఆ కుటుంబం బంధువుల ఇంట్లో తలదాచుకుంటోంది. మాదకద్రవ్యాలున్నాయన్న సమాచారంతో పోలీసులు అర్ధరాత్రి దాటాక తలుపు తోసి ఫ్లాష్‌బ్యాంగ్ విసిరారు. అది నేరుగా ఆ మంచంలో పడి పేలింది. బిడ్డ ముఖం, ఛాతీ కాలి చీలిపోయాయి. ఇంట్లో మాదకద్రవ్యాలు దొరకలేదు, వాళ్లు వెతికిన మనిషీ లేడు. కుటుంబానికి చివరికి పరిహారం అందింది, శిక్ష మాత్రం ఎవరికీ పడలేదు. గదిలో ఎవరున్నారో చూడకుండా పేలే వస్తువును విసరవచ్చా అన్న ప్రశ్నను ఆ ఊరు ముందెన్నడైనా అడిగి ఉంటే బాగుండేది. అడగాలంటే ఆ వస్తువు తమ షెరీఫ్ దగ్గర ఉందని జనానికి ముందు తెలియాలి.

కష్టమైన సందర్భమూ ఉంది. 2016 జులై 7న డాలస్‌లో ఒక సాయుధుడు ఐదుగురు పోలీసుల్ని చంపి కాలేజీ భవనంలో నక్కాడు. గంటలకొద్దీ బేరసారాలు ఫలించలేదు. బాంబుల్ని నిర్వీర్యం చేయడానికి కొన్న రోబో చేతికి పోలీసులు సుమారు ఒక పౌండు సీ-4 కట్టి పంపి అతణ్ని చంపారు. అమెరికా పోలీసులు రోబోతో మనిషిని చంపడం అదే మొదలు. ఆ రాత్రి ఆ అధికారుల స్థానంలో నేనుంటే వేరేలా చేసేవాణ్నని చెప్పలేను. కానీ రోబోకు బాంబు కట్టవచ్చా, ఏ పరిస్థితిలో, ఎవరి ఆజ్ఞతో అన్నది ప్రాణాలు పోతున్న రాత్రి తేల్చుకోవలసిన విషయం కాదు. ముందే నలుగురిలో చర్చించి కాగితం మీద పెట్టుకోవలసినది.

చాటున ఉన్నదాన్ని సొంతానికి వాడుకునేవాళ్లూ తయారవుతారు. అయోవాలో 800 మంది కూడా లేని ఆడెర్ అనే ఊరి పోలీసు చీఫ్, శాఖ పేరు మీద మెషీన్ గన్లు తెప్పించి లాభానికి అమ్ముకున్నాడు. శాఖ అవసరమని లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన ఉత్తరాలతోనే పని నడిచింది. 2024లో జ్యూరీ అతణ్ని దోషిగా తేల్చింది, కోర్టు ఐదేళ్ల శిక్ష వేసింది. అవి డిస్ట్రక్టివ్ డివైసులు కాకపోవచ్చు, రిజిస్టరు మాత్రం ఇదే. లాస్ ఏంజిలెస్‌లో బడుల కాపలా పోలీసుల దగ్గరే సైన్యం ఇచ్చిన గ్రెనేడ్ లాంచర్లు మూడు ఉండేవి. 2014లో విషయం బయటపడి జనం నిలదీశాక వాటిని వెనక్కి ఇచ్చేశారు.

కేంద్రాన్ని నమ్ముకుంటే లాభం లేదని పదేళ్ల అనుభవం చెబుతోంది. సైన్యం మిగులు గ్రెనేడ్ లాంచర్లు పోలీసులకు ఇవ్వొద్దని 2015లో ఒబామా అడ్డుకట్ట వేశారు. 2017లో ట్రంప్ దాన్ని తీసేశారు. 2022లో బైడెన్ మళ్లీ వేశారు. 2025 జనవరిలో ట్రంప్ మళ్లీ తీసేశారు. అదే ఏడాది చేసిన చట్టం, 2026 నుంచి సైలెన్సర్ల మీద పన్నును సున్నా చేసి, డిస్ట్రక్టివ్ డివైసుల మీద 200 డాలర్లను అలాగే ఉంచింది. పౌరుడి వైపు లెక్క గట్టిగానే ఉంది. రెండో వైపే ఖాళీ.

ఆ ఖాళీని పూడ్చే పని కాలిఫోర్నియా మొదలుపెట్టింది. 2021 నాటి ఏబీ 481 చట్టం ప్రకారం పోలీసు శాఖ తన దగ్గరున్న లాంచర్లు, ఫ్లాష్‌బ్యాంగులు, రోబోలు ఎన్నో, ఖరీదెంతో, ఎప్పుడు వాడతారో రాసి జనం ముందు పెట్టాలి. నగర కౌన్సిల్ బహిరంగ సమావేశంలో ఆమోదించాలి. ఏడాది తిరిగాక ఎన్నిసార్లు వాడారో, ఎన్ని ఫిర్యాదులొచ్చాయో నివేదిక ఇవ్వాలి. దీనివల్ల పోలీసుల చేతులు కట్టేసినట్టవుతుందన్న వాదన నాకు రుచించదు. ఆయుధం ఉందని చెప్పినంత మాత్రాన అది పనిచేయడం మానదు.

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో మన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఇళ్ల మీద ఆస్తిపన్ను కడుతున్నారు, పౌరసత్వం వచ్చినవాళ్లు ఓట్లేస్తున్నారు. టెక్సాస్ నగరాల్లో చాలావాటికి ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో కౌన్సిల్ బడ్జెట్ మీద జనం మాట వింటుంది. స్కూలు రోడ్లు, పార్కుల గురించి అక్కడ మైకు ముందు నిలబడే మనవాళ్లు ఈసారి పోలీసు శాఖ పద్దు తీసి అడగాలి: మన నగరం పేరు మీద ఎన్ని లాంచర్లు, ఎన్ని ఫ్లాష్‌బ్యాంగులు నమోదై ఉన్నాయి, నిరుడు ఎవరి ఇళ్లలో, ఏ కారణంతో వాడారు, బాంబు రోబోకు రాసిపెట్టిన నియమం ఏమిటి?