సంతాపము - శాసనము

మహాపురుషుడు జీవించియుండగా ఆతని మాటను పెడచెవిని బెట్టినవారే, ఆతడు హతుడైన మరునాడు పూలమాలలతో ముందు వరుసను నిలుచుట లోకమునకు క్రొత్త గాదు. ప్రజల కన్నీరు వారి ప్రేమకు గుర్తు. పాలకులు ప్రకటించు సంతాపము మాత్రము ఒక ప్రతిజ్ఞ. అది నెరవేరినదా యని లెక్క యడుగు హక్కు ప్రజలకు గలదు. అమెరికాలో నల్లజాతివారి హక్కులకై పోరాడిన మార్టిన్ లూథర్ కింగు హత్యానంతరము జరిగిన కథ యీ విషయమున మిక్కిలి బోధప్రదము.

1968 ఏప్రిలు 4వ తేదీన కింగు మెంఫిస్ నగరమున తుపాకి గుండునకు బలియయ్యెను. ఆతడచ్చటి కేగినది పారిశుద్ధ్య కార్మికుల సమ్మెకు బాసటగా నిలుచుటకు. వాననుండి తలదాచుకొన చెత్తబండి నెక్కిన యిద్దరు కార్మికులు దాని యంత్రమున నలిగి చనిపోగా, సుమారు 1,300 మంది ఫిబ్రవరి 12న పని మానిరి. వారు కోరినవి సంఘమునకు గుర్తింపు, చాలినంత కూలి, మనుష్యులుగా మన్నన. నగర మేయరు ససేమిరా యనెను.

హత్యావార్త విన్నంతనే నూరుకు పైబడిన పట్టణములలో అల్లర్లు చెలరేగెను. అధ్యక్షుడు జాన్సను ఏప్రిలు 7ను జాతీయ సంతాపదినముగా ప్రకటించి జెండాలను అవనతము చేయించెను. 9వ తేదీన అట్లాంటాలో కంచర గాడిదలు లాగిన మోటుబండిపై శవపేటిక సాగుచుండ, లక్షమంది వెంట నడిచిరి. అధ్యక్షుడు తాను రాక ఉపాధ్యక్షుడు హంఫ్రీని బంపెను. జార్జియా గవర్నరు మాడాక్సు ప్రభుత్వ కార్యాలయములను మూయ నిరాకరించి, శాసనసభా భవనమునకు పోలీసు కాపలా బెట్టించెను.

మాడాక్సు ద్వేషము బట్టబయలు. దానిని గుర్తించుట సులభము. మర్యాదతో గూడిన సంతాపమును తూచుటయే కష్టము. న్యాయముగా జెప్పవలెనన్న, జాన్సను ఊరకుండలేదు. ఇండ్ల క్రయములందును అద్దెలందును వర్ణభేదమును నిషేధించు శాసనము 1966లో వీగిపోయినది. ఆ దుఃఖవారములోనే దానిని ప్రతినిధుల సభ యామోదింపగా, ఏప్రిలు 11న ఆయన సంతకము చేసెను. అయినను దానిని అమలుపరచు బలము 1988 సవరణ వరకు కొరవడెను. కింగు జన్మదినమును సెలవుగా జేయు బిల్లు హత్య జరిగిన నాలుగవ దినముననే సభకు వచ్చినను, అది చట్టమగుటకు 1983 వరకు పట్టెను.

నిజమైన సంతాపమెట్టిదో కింగు భార్య కొరెట్టా చూపెను. అంత్యక్రియలకు ముందుదినమున ఆమె మెంఫిస్ వెళ్ళి, భర్త నడుపదలచిన ఊరేగింపును వేలాదిమందితో తాను నడిపెను. ఏప్రిలు 16న సంఘమునకు గుర్తింపును, కార్మికులకు కూలి పెంపును లభించెను.

కింగు 1959లో మన దేశమునకు వచ్చి, గాంధీ మార్గమే తన మార్గమని చాటినవాడు. మనమును 1948లో మహాత్ముని గోల్పోయినవారమే. ఏటేట జనవరి 30న రెండు నిమిషములు మౌనము పాటించుచున్నాము. కాని ఆయన తన వారిగా భావించిన పాకీపనివారి సంతతి, 2013 శాసనము వెలసిన పిదపను, మురుగు గుంటలలో దిగి ఊపిరాడక చనిపోవుచునే యున్నది. ఆ చావులు నిలిచిననాడే మన మౌనమునకు అర్థము చేకూరును.