పరీక్ష ముందు, పథ్యం తర్వాత

డ్రిల్లు పీరియడ్‌లో నాలుగు గుంజీలకే తొడలు పట్టేసి కూలబడిన పిల్లవాణ్ణి బద్ధకస్తుడంటాం. బిందెతో మెట్లెక్కుతూ మధ్యలో ఆగిపోయే కోడలికి ఒళ్లొంగదంటాం. అలా మాట పడేవారిలో అతికొద్దిమందికి నిజంగానే ఒక జబ్బు ఉంటుంది. లక్షమందిలో ఒకరికి వస్తుందని అంచనా వేసే ఆ జబ్బు పేరు మెకార్డిల్ వ్యాధి. లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు బ్రయన్ మెకార్డిల్ 1951లో దీన్ని తొలిసారి వివరించారు. ఆయన చూసిన ముప్పై ఏళ్ల యువకుడికి చిన్నప్పటి నుంచీ ఏ కాస్త శ్రమ చేసినా కండరాలు నొప్పెట్టేవి. చేతికి వ్యాయామం చేయించి చూస్తే, అందరి రక్తంలోనూ పెరిగే లాక్టేటు అతనిలో పెరగలేదు. కారణం 1959లో తేలింది. కండరంలో దాచిన గ్లైకోజెన్‌ను చక్కెరగా విడగొట్టే ఫాస్ఫొరిలేజ్ ఎంజైము వీరిలో పనిచేయదు. గాదె నిండా ధాన్యం ఉంది, తలుపే తెరుచుకోదు.

అయినా శరీరం ఒక దారి చూపిస్తుంది. నొప్పి మొదలవగానే పంతానికి పోకుండా నడక తగ్గించి, అవసరమైతే కాసేపు నిలబడి మళ్లీ కదిలితే, దాదాపు పది నిమిషాల్లో నడక తేలికవుతుంది. అప్పటికి రక్తంలోని గ్లూకోజు, కొవ్వు ఆమ్లాలు కండరానికి అందడం మొదలవుతుంది. వైద్యులు దీన్ని సెకండ్ విండ్ అంటారు. నొప్పిని లెక్కచేయకుండా పరుగెత్తితే మాత్రం కండరం చితికి, మూత్రం డికాషన్ రంగులోకి మారుతుంది. మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. "ఇంకొంచెం గట్టిగా ప్రయత్నించు" అన్న మాట ఈ బిడ్డల విషయంలో ఎంత ప్రమాదమో దీన్నిబట్టే తెలుస్తుంది.

కండరానికి కొవ్వే అక్కరకొస్తున్నప్పుడు, దాన్ని ముందునుంచే సిద్ధంగా ఉంచితే ఏమవుతుంది? కీటో ఆహారంపై ఆశ పుట్టింది ఈ ప్రశ్నలోంచే. పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు పెంచితే కాలేయం కీటోన్లను తయారుచేస్తుంది, కండరం వాటినీ ఇంధనంగా వాడుకోగలదు. ఈ పథ్యం నిన్నమొన్నటిది కాదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రసెల్ వైల్డర్ మూర్ఛరోగుల కోసం ప్రతిపాదించినదే. కోపెన్‌హాగన్ పరిశోధకులు దీన్ని కొద్దిమంది మెకార్డిల్ రోగులపై కొన్ని వారాలపాటు పరీక్షించారు. ఆశ చిగురించింది గానీ, ఇదే చికిత్స అని చెప్పగల స్థాయికి ఆధారాలు ఇంకా చేరలేదు. అదే నగరంలో జాన్ వీసింగ్ బృందం అంతకుముందు చేసిన ప్రయోగాల్లో, శ్రమకు కొద్ది నిమిషాల ముందు పంచదార నీళ్లు తాగిస్తే రోగులు తేలిగ్గా సైకిల్ తొక్కారు. మాంసకృత్తుల ఆహారంకన్నా పిండిపదార్థాల ఆహారమే మేలు చేసిందనీ 2008లో తేలింది. అన్నం మానమనే మాటకూ, ముందు కాస్త చక్కెర తాగమనే మాటకూ రెంటికీ శాస్త్రంలో చోటుంది. ఎవరికి ఏది సరిపడుతుందో వైద్యుడు, ఆహార నిపుణుడు దగ్గరుండి చూడవలసిందే.

ఇంతకన్నా నన్ను భయపెట్టే సంగతి ఒకటుంది. సీపీటీ-2 లోపమని మరో కండర వ్యాధి ఉంది. అక్కడా కండరాల నొప్పి, అక్కడా నల్లటి మూత్రం. తేడా అల్లా, మెకార్డిల్‌లో బాధ మొదటి నిమిషాల్లోనే వస్తే, ఇక్కడ చాలాసేపు శ్రమించాకో, ఉపవాసం ఉన్నప్పుడో, జ్వరంలోనో వస్తుంది. ఈ రోగుల కండరాలు వాడుకోలేనిది కొవ్వునే. వారికి కొవ్వు తగ్గించి, వేళకు అన్నం పెట్టాలి. ఒకరికి ఆశ కలిగిస్తున్న పథ్యం మరొకరిని ఐసీయూకు చేర్చగలదు.

ఇలాగే పిండిపదార్థాలు తగ్గించి కొబ్బరినూనె తాగే పద్ధతి తెలుగునాట ఊరూరా పాకిన రోజులు మనకు గుర్తే. బరువు తగ్గాలనుకున్నవారి సంగతి వేరు, ఈ రోగుల సంగతి వేరు. రోజుకు రెండువేల కేలరీల్లో పదో వంతే పిండిపదార్థాలంటే యాభై గ్రాములు. ఒక కప్పు అన్నంతోనే ఆ కోటా దాదాపు నిండిపోతుంది. పప్పు కూడా లెక్కలోకి వస్తుంది. అంత కఠినమైన పథ్యాన్ని పక్కింటివారి మాట మీద ఎత్తుకోవడం ఎవరికీ తగదు.

ఈ రెండు జబ్బులూ తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే వస్తాయి. మేనరికాలున్న మన కుటుంబాల్లో ఆ అవకాశం మరింత ఎక్కువ. రక్తంలో సీకే (క్రియాటిన్ కైనేజ్) అనే కండర ఎంజైము ఎంత ఉందో చూసి, జన్యు పరీక్ష చేయిస్తే జబ్బేదో తేలుతుంది. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రిని, డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీతో కలిపి, అరుదైన వ్యాధుల కేంద్రంగా ప్రభుత్వమే గుర్తించింది. బడిలో వ్యాయామం నేర్పే మాస్టార్లకు ఒక విన్నపం: ఆగిపోయిన పిల్లవాణ్ణి ఆగనివ్వండి, ఇంట్లోవారికి కబురు చెప్పండి. తల్లిదండ్రులకు మరొకటి: శ్రమ తర్వాత మూత్రం నల్లబడితే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. జబ్బు పేరు తేలేదాకా బిడ్డ కంచంలోంచి అన్నం తీసేయకండి.