ఓడ ఎక్కకముందే డాక్టరు దగ్గరికి

అండమాన్‌కి ట్రాన్స్‌ఫర్ అనగానే ఎవరైనా అడిగే ప్రశ్నలు మూడు. ఇల్లు దొరుకుతుందా? నెట్ వస్తుందా? మనవాళ్లు ఉన్నారా? మూడోదానికి జవాబు ఈజీ. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో దాదాపు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. మిగతా రెండూ ఎలాగోలా అయిపోతాయి. ఇంట్లో కుక్కో పిల్లో ఉన్నవాళ్లకి మాత్రం నాలుగో ప్రశ్న ఒకటుంది. అది తీరా సామాన్లు కట్టే రోజు గుర్తొస్తుంది: "దీనికి జ్వరమొస్తే అక్కడ డాక్టరు ఉంటాడా?"

ఉంటారు. శ్రీ విజయపురంలో, అంటే 2024 దాకా మనం పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన ఊళ్లో, ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. అయితే దీవికి వెళ్లేవాళ్లు వేసుకోవాల్సిన లెక్క వేరే. రాత్రి పదకొండింటికి కుక్కకి సీరియస్ అయితే, దాన్ని చూడగలిగే డాక్టరు దగ్గరికి ఎన్ని గంటల్లో చేరతాం?

హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో ఒక క్లినిక్ మూసుంటే మ్యాప్‌లో ఇంకోటి వెతుకుతాం. స్వరాజ్ ద్వీప్‌లో, అదే పాత హేవ్‌లాక్‌లో, సాయంత్రం చివరి పడవ వెళ్లిపోయిందంటే మళ్లీ తెల్లారాకే. ఆ పడవలో గంటన్నర నుంచి రెండున్నర గంటలు. వానాకాలంలో సముద్రం బాగోకపోతే ఆ పడవ కూడా ఉండదు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతుల్లో పొట్ట ఉబ్బి మెలిపడిపోయే జబ్బు ఒకటి ఉంది. కొన్ని గంటల్లో ఆపరేషన్ చేయకపోతే ప్రాణం దక్కదు. శ్రీ విజయపురంలో కుదరని పెద్ద వైద్యం కావాలంటే చెన్నై వెళ్లాలి. మధ్యలో దాదాపు 1,200 కిలోమీటర్ల నీళ్లు.

అందుకే దీవికి మారేవాళ్ల పెట్ వైద్యంలో ముప్పావు వంతు ఇక్కడే, ఓడ ఎక్కకముందే అయిపోవాలి. మన భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్‌లోకి వెళ్లాక బగ్ సరిచేయడం కష్టమయ్యే చోటికి వెళ్తున్నాం. టెస్టింగ్ అంతా ముందే చేసుకోవాలి.

రేబిస్ లేని దీవులు

ఇండియాలో రేబిస్ లేని ప్రాంతాలుగా చెప్పేవి రెండే: అండమాన్ నికోబార్, లక్షద్వీప్. లక్షద్వీప్‌కి అసలు కుక్కల్నే రానివ్వరు. అక్కడికి పోస్టింగ్ వస్తే కుక్క ప్రయాణం గురించి ఆలోచించే పనే లేదు, ఇంట్లో ఎవరు చూసుకుంటారో తేల్చుకోవాలి. అండమాన్‌లో కుక్కలు బోలెడు. ఆ జబ్బు మాత్రం లేదు.

ఇది ఎంత విలువైన విషయమో తెలియాలంటే ఇండోనేషియా చూడాలి. ఫ్లోరెస్ అనే దీవిలో 1997 దాకా రేబిస్ లేదు. ఆ ఏడాది బుటన్ అనే ఇంకో దీవి నుంచి జాలర్ల పడవలో మూడు కుక్కలు వచ్చాయి. వాటితో పాటు వైరస్ కూడా దిగింది. మన హనీమూన్ జంటలకి బాగా తెలిసిన బాలి కథా అంతే. అక్కడ 2008 దాకా రేబిస్ లేదు. ఎక్కడి నుంచో వచ్చిన కుక్క ద్వారా మొదలై దీవంతా పాకింది. రెండేళ్లలో వందమందికి పైగా చనిపోయారు. వేలకొద్దీ కుక్కల్ని చంపేశారు. వాటిలో చాలావాటికి ఆ జబ్బే లేదు.

భయపెట్టే సంగతి ఇంకోటి. రేబిస్ సోకిన కుక్క వారాలు, ఒక్కోసారి నెలల పాటు మామూలుగానే ఉంటుంది. తింటుంది, ఆడుతుంది, తోక ఊపుతుంది. ఎయిర్‌పోర్ట్‌లో ఎవరు చూసినా "భలే ముద్దుగా ఉంది" అనే అంటారు. లక్షణాలు బయటపడ్డాక మాత్రం కుక్కనైనా మనిషినైనా కాపాడటం దాదాపు అసాధ్యం.

2015లో హాలీవుడ్ నటుడు జానీ డెప్, అంబర్ హర్డ్ తమ రెండు కుక్కల్ని చెప్పాపెట్టకుండా ఆస్ట్రేలియా తీసుకెళ్లారు. వెనక్కి పంపకపోతే చంపేయాల్సి వస్తుందని అక్కడి వ్యవసాయ మంత్రే హెచ్చరించాడు. కుక్కలు తిరుగు విమానం ఎక్కాయి. మరుసటి ఏడాది భార్యాభర్తలిద్దరూ వీడియోలో సారీ చెప్పారు. అప్పట్లో అందరం మీమ్స్ చూసి నవ్వుకున్నాం. బాలి సంగతి తెలిశాక ఆ మంత్రి కోపం అర్థమవుతుంది. అమెరికాలో ఉండే మనవాళ్లు హవాయికి మారినా ఇదే అనుభవం. రెండు రేబిస్ టీకాలు, మైక్రోచిప్, యాంటీబాడీల రక్తపరీక్ష, వీటన్నిటి మధ్య సరైన గడువు ఉండాలి. లేకపోతే 120 రోజుల వరకు క్వారంటైన్.

మన దేశంలోనే కదా అని మనం అంత కచ్చితంగా ఉండం. ఉండాలి. రేబిస్ టీకా మూడు నెలల వయసు దాటాక వేస్తారు, తర్వాత బూస్టర్, ఆపైన ఏటా ఒకటి. మొదటిసారి వేసిన టీకా పూర్తిగా పనిచేయడానికి కనీసం 21 రోజులు పడుతుందని లెక్క. ప్రయాణానికి ముందురోజు వేయించిన సూది కాగితానికే పనికొస్తుంది, కుక్కకి కాదు. వీధి నుంచి నిన్నమొన్న ఇంటికి తెచ్చుకున్న పిల్ల అయితే, దాన్ని ఎవరు కరిచారో మనకి తెలియదు. టీకా వేయించి, డాక్టరు చెప్పినన్నాళ్లు ఇక్కడే ఉంచి ఆ తర్వాతే తీసుకెళ్లాలి. పిల్లులకీ ఇదే వర్తిస్తుంది.

ఆ సూది మన కుక్క కోసం మాత్రమే అనుకుంటాం. అక్కడ బీచ్‌లో ఆడుకునే పిల్లల కోసం కూడా.

వాన, ఎలుక, బురద

రేబిస్ లేదు కదా అని అండమాన్‌లో అంతా క్షేమం అనుకోవద్దు. అక్కడ ఉన్న జబ్బు ఇంకోటి, లెప్టోస్పైరోసిస్. దీని బ్యాక్టీరియా ఎలుకలు, పశువుల మూత్రంలో ఉంటుంది. వాననీళ్లలో, బురదలో కలిసి చర్మం మీది చిన్న గాయం నుంచి లోపలికి వెళ్తుంది. ఒకప్పుడు ఆ దీవుల్లో ఏమిటో తెలియక "అండమాన్ రక్తస్రావ జ్వరం" అన్నది ఇదేనని తర్వాత తేలింది. ఐసీఎంఆర్‌కి అక్కడున్న పరిశోధనా కేంద్రం ఈ జబ్బు మీద ఏళ్ల తరబడి పనిచేస్తోంది. ఏడాదిలో సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట నీటిగుంటలకి కొదవా?

కుక్కకి సోకితే జ్వరం, వాంతులు, నీరసం, కళ్లు పచ్చబడటం, మూత్రం తగ్గిపోవడం కనిపిస్తాయి. కిడ్నీలు, లివర్ దెబ్బతింటాయి. దాని మూత్రం నుంచి మనకీ అంటుకోవచ్చు. మీ టీకా కార్డు ఒకసారి తీసి చూడండి. "సెవెన్ ఇన్ వన్", "నైన్ ఇన్ వన్" అని వేసే వాటిలో లెప్టో కలిసి ఉంటుంది. "ఫైవ్ ఇన్ వన్" అని ఉంటే అందులో ఉందో లేదో డాక్టర్ని అడగండి. మొదటిసారి అయితే మూడు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, తర్వాత ఏడాదికోసారి. లెప్టోలో రకాలు చాలా ఉన్నాయి, టీకా అన్నిటినీ ఆపలేదు. కాబట్టి నీటిగుంటల దగ్గర బెల్టు వదలకండి, కుక్క తిండి గిన్నె రాత్రంతా బయట పెట్టకండి.

ఆ తేమలో పిడుదులు, చెవి ఇన్ఫెక్షన్లు, చర్మం మీద ఫంగస్ మామూలే. పిడుదుల మందు, నెలనెలా వాడే మాత్రలు మూడు నెలలకి సరిపడా తీసుకెళ్లండి. హస్కీ లాంటి చలిదేశపు జాతిని ఆ ఉక్కపోతలోకి తీసుకెళ్లే ముందు మాత్రం రెండుసార్లు ఆలోచించండి.

రెండు నెలల ముందు నుంచి

ఆర్డర్ చేతికొచ్చిన వారంలోనే డాక్టర్ని కలవండి. వాయిదా వేస్తూ వచ్చిన పనులన్నీ ఇప్పుడే చేయించేయండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్, పళ్ల క్లీనింగ్, ఎప్పటి నుంచో ఉన్న ఆ చిన్న గడ్డ సంగతి. ఏడేళ్లు దాటిన కుక్కకి రక్తపరీక్ష, కిడ్నీ, లివర్, గుండె చూపించండి. పెద్ద జాతి అయితే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అప్పుడే పొట్టని లోపల కుట్టి మెలిపడకుండా చేసే వీలుందేమో అడగండి.

పాత రిపోర్టులన్నీ ఫోటో తీసి ఒక పీడీఎఫ్ చేయండి. మందుల కంపెనీ పేర్లతో పాటు అసలు మందు పేరు, డోసు, కుక్క బరువు రాయించుకోండి. ఆ కంపెనీది అక్కడ దొరక్కపోయినా అదే మందు ఇంకో పేరుతో దొరకొచ్చు. ఇన్సులిన్ లాంటివి వాడుతుంటే కరెంటు పోయినప్పుడు చల్లగా ఉంచే ఏర్పాటు కూడా చూసుకోండి.

1978 నాటి జంతువుల రవాణా నిబంధనల ప్రకారం రైలు, రోడ్డు, ఓడ, విమానం, దేనిలో వెళ్లినా కుక్కలకీ పిల్లులకీ డాక్టరిచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. విమానాల్లో ఇండిగో పెంపుడు జంతువుల్ని తీసుకోదు. ఎయిర్ ఇండియా, ఆకాశ ఎయిర్ తీసుకుంటాయి. బరువు, బోను కొలతల రూల్స్ మారుతుంటాయి కాబట్టి మీ టికెట్ కంటే ముందు దాని సీటు సంగతి ఫోన్ చేసి కనుక్కోండి. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకి వేడిలో ఊపిరాడదు, కార్గోలో పంపడం ప్రమాదం. చాలా ఎయిర్‌లైన్స్ ఒప్పుకోవు కూడా. మత్తుమందు ఇచ్చి నిద్రపుచ్చుదాం అనే ఐడియా డాక్టరు చెబితే తప్ప వద్దు. దానికి బదులు మూడు వారాల ముందు నుంచీ బోనులోనే అన్నం పెట్టి అలవాటు చేయండి.

వైజాగ్, చెన్నై నుంచి ఓడలో అయితే 50 నుంచి 60 గంటలు. జంతువుని ఎక్కడ ఉంచుతారు, మధ్యలో మనం వెళ్లి చూడొచ్చా, నీళ్లు ఎవరు పెడతారు, ఈ మూడూ షిప్పింగ్ ఆఫీసులో అడిగాకే టికెట్ తీసుకోండి.

అక్కడికి వెళ్లాక

మొదటి వారంలో, ఒంట్లో బాగున్నప్పుడే, అక్కడి పశువైద్యశాలకి తీసుకెళ్లి పరిచయం చేయండి. ఆదివారం, రాత్రి ఎవరుంటారో నంబరుతో సహా రాసుకోండి. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన దాదాపు 2,300 కిలోమీటర్ల కేబుల్ 2020 ఆగస్టులో మొదలైంది. స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్ దాకా వెళ్లింది. మీ పాత డాక్టరుకి వీడియో కాల్ చేసి పుండు చూపించడం ఇప్పుడు అయ్యే పనే. ఆయన అక్కడి నుంచి రక్తం తీయలేడు, పొట్ట నొక్కి చూడలేడు. ఇప్పుడే పడవ ఎక్కాలా, తెల్లారేదాకా ఆగొచ్చా అన్నది చెప్పగలడు. ఒక్కోసారి అదే ప్రాణం నిలబెడుతుంది.

ఇంట్లో ఒక డబ్బా ఉండాలి: థర్మామీటర్, గాజుగుడ్డ, బ్యాండేజీ, గాయం కడిగే మందు, పిడుదులు తీసే పట్టుకారు, మూతికి కట్టే తొడుగు. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. మనకి అది జ్వరం, దానికి కాదు. మన పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రం దగ్గరికి రానివ్వద్దు. ఒక్క పారాసెటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.

బీచ్‌కి వెళ్తే మంచినీళ్ల బాటిల్ తప్పనిసరి. దాహానికి సముద్రపు నీళ్లు తాగితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఎక్కువైతే ఫిట్స్ కూడా. మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీళ్ల అంచుకి వెళ్లనివ్వకండి. అది సెల్ఫీ కోసం పెట్టిన బోర్డు కాదు. చలికాలం నెలల్లో ఆ ఇసుకలోనే సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. కుక్క ముక్కుకి ఆ గుంత కనిపెట్టడం ఒక నిమిషం పని.

తీసుకెళ్లకపోవడం కూడా ప్రేమే

గుండె జబ్బున్న పన్నెండేళ్ల కుక్క, వారానికోసారి సెలైన్ ఎక్కించుకునే పిల్లి. వీటిని ఏడాది పోస్టింగ్ కోసం ఒక మారుమూల దీవికి లాక్కెళ్లడం మన కోసమా, దాని కోసమా? డాక్టర్ని సూటిగా అడగండి. "దీన్ని తీసుకెళ్లొచ్చా" అని అడిగితే మన మొహం చూసి సర్దిచెప్పొచ్చు. "ఇది మీ కుక్క అయితే తీసుకెళ్తారా" అని అడగండి. వద్దంటే అమ్మానాన్నల దగ్గరో, బాగా తెలిసినవాళ్ల దగ్గరో ఉంచండి. నెలనెలా ఖర్చులకి డబ్బు, టీకాల తేదీలు మీ బాధ్యతే.

తీసుకెళ్తే మాత్రం తిరుగు టికెట్ లెక్క కూడా ఇప్పుడే వేయండి. పోస్టింగ్ అయిపోయాక "ఇక్కడ అలవాటైపోయిందిలే" అని వదిలేసిన కుక్క మర్నాటి నుంచి వీధికుక్కే. తాబేలు గుడ్లు తవ్వేది, ఏటా టీకా లేనిది, ఇంకో పది పిల్లల్ని పెట్టేది అదే. చిన్న దీవి దాన్ని ఎక్కడో కలిపేసుకోలేదు.

ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ మెయిల్ వచ్చిందా? ప్యాకర్స్‌కి ఫోన్ చేసే ముందు టీకా కార్డు తీసి తేదీలు చూడండి. ఇవాళ్టి నుంచి 21 రోజులు లెక్కపెట్టండి. టికెట్ ఆ తర్వాత తేదీకే.